గిన్నెకు పట్టిన గార

నీళ్ళు కాచే గిన్నె లోపలికి ఒకసారి చూడండి. అడుగున తెల్లటి పొర కనిపిస్తోందా? చేత్తో రుద్దితే అది పోదు. గోకితే పెచ్చులుగా ఊడుతుంది. దీన్నే గార అంటాం.

గార గిన్నెకు మాత్రమే పట్టదు. నీళ్ళు కాచే హీటరు కడ్డీకి పడుతుంది. గీజరు లోపల పడుతుంది. బట్టలు ఉతికే మిషనులో పడుతుంది. కూలరు గడ్డికి పడుతుంది. కుళాయి మూతికి కూడా పడుతుంది.

ఈ గార ఎక్కడి నుంచి వస్తుంది? దీని వల్ల రోగం వస్తుందా? సామాను ఎందుకు పాడవుతుంది? దీన్ని పోగొట్టడం ఎలా? ఈ పాఠంలో తెలుసుకుందాం.

నీళ్ళలో కరిగిన రాయి

వాన నీరు ఆకాశం నుంచి పడేటప్పుడు శుభ్రంగా ఉంటుంది. అందులో సున్నం ఉండదు. ఆ నీరు నేలలోకి ఇంకుతుంది. మట్టిలో వేళ్ళు ఉంటాయి. కుళ్ళిన ఆకులు ఉంటాయి. వాటి నుంచి బొగ్గుపులుసు వాయువు పుడుతుంది. సోడా సీసాలో బుస్సుమని పొంగేది ఆ వాయువే. అది నీళ్ళలో కలుస్తుంది. అప్పుడు నీళ్ళకు కొంచెం పులుపు గుణం వస్తుంది. మన నాలుకకు ఆ పులుపు తెలియదు. కానీ రాళ్ళకు తెలుస్తుంది. ఆ నీరు రాళ్ళలో, మట్టిలో ఉన్న సున్నాన్ని మెల్లగా కరిగిస్తుంది.

ఉప్పు కరిగితే కంటికి కనబడదు కదా. ఈ సున్నం కూడా అంతే. నీళ్ళు తేటగానే ఉంటాయి. అందులో రాయి ఉందని మనకు తెలియదు.

ఆ నీళ్ళను పొయ్యి మీద పెడితే ఏమవుతుంది? వేడికి వాయువు పైకి పోతుంది. పులుపు గుణం పోతుంది. కరిగిన సున్నం మళ్ళీ రాయిగా మారుతుంది. గిన్నెకు అంటుకుంటుంది. అదే గార.

అరకు వెళ్ళే దారిలో బొర్రా గుహలు ఉన్నాయి. అక్కడ సున్నపురాయి కొండ ఉంది. కొండలో నుంచి నీరు చుక్క చుక్కగా కారుతుంది. ఒక్కో చుక్కలోని వాయువు గాలిలో కలిసిపోతుంది. సున్నం అక్కడే మిగులుతుంది. వేల ఏళ్ళు అలా జరిగి లింగాల ఆకారంలో రాళ్ళు తయారయ్యాయి. అక్కడ వేల ఏళ్ళు పట్టిన పని మన పొయ్యి మీద కొన్ని నెలల్లో జరుగుతుంది. కారణం వేడి.

కోడిగుడ్డు పెంకు, నత్తగుల్ల, గార. ఈ మూడింటిలో ఉన్నది ముఖ్యంగా ఒకే పదార్థం. కావాలంటే గుడ్డు పెంకు మీద నిమ్మరసం పిండి చూడండి. బుడగలు వస్తాయి. గార మీద పిండినా బుడగలు వస్తాయి.

సున్నం, దాని వంటి మెగ్నీషియం ఎక్కువగా ఉన్న నీటిని పుస్తకాల్లో కఠిన జలం అంటారు. తక్కువగా ఉంటే మృదు జలం అంటారు. మనం మాత్రం సబ్బు పట్టని నీళ్ళు, సబ్బు పట్టే నీళ్ళు అందాం.

ఏరు పక్కనే ఉన్నా ఎందుకిలా?

పట్టిసీమ పోలవరం మండలంలో ఉంది. ఊరి ముందే గోదావరి. ఏటి నడుమ కొండ మీద వీరభద్రస్వామి గుడి. 2015లో ఇక్కడ పెద్ద మోటార్లు పెట్టారు. గోదావరి నీటిని తోడి కాలువలో కృష్ణా వైపు పంపడం మొదలుపెట్టారు. ఇంత నీరు దగ్గర ఉన్న చోట కూడా ఒక ఇంట్లో గార పట్టవచ్చు. ఇంకో ఇంట్లో పట్టకపోవచ్చు. ఎందుకో తెలుసా?

ఇంట్లోకి వచ్చే నీరు ఏటి నీరా, బోరు నీరా అన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఏటి నీరు పరుగెత్తి వస్తుంది. వరదల్లో అందులో ఎక్కువ భాగం వాన నీరే. ఆ రోజుల్లో ఎర్రగా, బురదగా ఉంటుంది. కానీ కరిగిన సున్నం తక్కువగా ఉంటుంది. ఎండాకాలంలో ఏరు సన్నబడుతుంది. అప్పుడు సున్నం కొంచెం పెరుగుతుంది.

బోరు నీరు అలా కాదు. అది నేల లోపల రాళ్ళ మధ్య, మట్టి మధ్య చాలా కాలం నిలిచి ఉంటుంది. సున్నాన్ని కరిగించుకోవడానికి దానికి కావలసినంత సమయం దొరుకుతుంది. అందుకే బోరు నీళ్ళు చూడటానికి అద్దంలా ఉంటాయి. కాస్తే మాత్రం గార పడుతుంది.

అంటే బురదగా ఉన్న నీరంతా సబ్బు పట్టని నీరు కాదు. తేటగా ఉన్న నీరంతా సబ్బు పట్టే నీరు కాదు. ఈ రెండూ వేరు.

సముద్రం దగ్గరి ఊళ్ళలో ఇంకో కష్టం ఉంది. అక్కడ చాలా చోట్ల నేలలో నీరు ఉప్పగా ఉంటుంది. అందుకే అక్కడివాళ్ళు కాలువ నీటిని చెరువుల్లో నింపుకొని తాగుతారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. ఆ కాలువలే నేటికీ డెల్టా గొంతు తడుపుతున్నాయి.

సబ్బుతో పరీక్ష

మీ నీరు ఎలాంటిదో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. రెండు సీసాలు తీసుకోండి. రెండూ ఒకే కొలత ఉండాలి. ఒకదాంట్లో సగం వాన నీళ్ళు పోయండి. రెండోదాంట్లో సగం కుళాయి నీళ్ళు పోయండి. రెండింటిలోనూ శనగగింజంత ఒంటి సబ్బు ముక్క వేయండి. బట్టల పౌడరు మాత్రం వెయ్యకండి. అది కఠినమైన నీళ్ళలో కూడా నురగ ఇస్తుంది. తేడా తెలియదు.

మూత పెట్టి బాగా ఊపండి. వాన నీళ్ళలో నురగ పొంగుతుంది. కుళాయి నీళ్ళలో కూడా అలాగే పొంగితే మంచి నీళ్ళే. నురగ రాక, విరిగిన పాలలా తెల్లటి తెట్టు తేలితే సున్నం ఎక్కువ ఉన్నట్టు. సబ్బు, సున్నం కలిసి ఆ తెట్టు అవుతాయి. మనం కొన్న సబ్బు మురికి మీద పని చెయ్యకుండానే సున్నానికి ఖర్చయిపోతుంది. బట్టలు తెల్లబడవు. జుట్టు జిగటగా అవుతుంది.

ఇంకో పరీక్ష చేయండి. అవే కుళాయి నీళ్ళను బాగా మరిగించి చల్లార్చండి. పైతేట వంచుకొని మళ్ళీ సబ్బు వేసి ఊపండి. ఈసారి నురగ బాగా వచ్చిందా? అయితే సున్నంలో చాలా భాగం మరగబెడితే పోయే రకం. గార కట్టేది ఇదే. మరిగించినా నురగ రాకపోతే అది వేరే రకం. అది మరగబెడితే పోదు.

అత్తాకోడళ్ళ మాట

కోడలు: అత్తయ్యగారూ, తాగే నీళ్ళు ఇవాళ కాయలేదేంటండీ?

అత్త: కాస్తే గిన్నెకు రాయి పట్టేస్తోందమ్మా. ఆ రాయే కడుపులోకి పోయి కిడ్నీలో రాయి అవుతుందంట. అందుకే కాయడం మానేశాను.

కోడలు: కాస్తే రాయి పుట్టదండీ. అది ముందే నీళ్ళలో కరిగి ఉంది. కాచినప్పుడు కొంత గిన్నెకు అంటుకుంటుంది. అంటే మనం తాగే నీళ్ళలో అది తగ్గినట్టే కదండీ.

అత్త: అవును సుమా! నేను అలా ఆలోచించనేలేదు.

కోడలు: కాయడం మానేస్తే రాయి పోదు. పురుగులు మాత్రం మిగులుతాయి. కంటికి కనబడని ఆ పురుగుల వల్లే విరేచనాలు, కామెర్లు వస్తాయి. చంటిదానికి విరేచనాలు పట్టుకుంటే ఏం చేస్తామండీ?

అత్త: సరే, గిన్నె పొయ్యి మీద పెట్టు. గార సంగతి తరవాత చూద్దాం.

కోడలు చెప్పింది నిజం. గార గిన్నెకు శత్రువు. పురుగు మనిషికి శత్రువు. ఒకదాన్ని చూసి భయపడి రెండోదాన్ని ఇంట్లోకి రానివ్వకూడదు.

నీటి కఠినత్వానికి ఆరోగ్యం పేరుతో ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు ఏదీ పెట్టలేదు. నీళ్ళలోని కాల్షియం ఎముకలకు కొంత పనికి వస్తుంది కూడా. కిడ్నీలో రాళ్ళు రావడానికి ఒక ముఖ్య కారణం నీళ్ళు తక్కువ తాగడం. ఎండలో చేను పని చేసేవాళ్ళు నీళ్ళు బాగా తాగాలి. ఇప్పటికే రాళ్ళు ఉన్నవాళ్ళు డాక్టరును అడగాలి.

గిన్నె అడుగున పెచ్చులు తేలితే నీళ్ళను కాసేపు కదపకుండా ఉంచండి. పైతేటను పలచటి గుడ్డలో వడకట్టి తాగండి.

సామానుకు నష్టం

ఒక లెక్క వేద్దాం. ఒక ఊరి నీళ్ళలో లీటరుకు 300 మిల్లీగ్రాముల కఠినత్వం ఉందనుకుందాం. 10 లీటర్ల బిందెలో 3 గ్రాములు. రోజుకు ఒక బిందె కాస్తే నెలకు 90 గ్రాములు. అదంతా గార అవదు. కొంతే అవుతుంది. కానీ ఏడాది అయ్యేసరికి ఆ కొంతే ఎంత పేరుకుంటుందో ఆలోచించండి.

గిన్నె: గార వేడిని తొందరగా పోనివ్వదు. పొయ్యికీ నీళ్ళకూ మధ్య దుప్పటిలా అడ్డుపడుతుంది. గ్యాసు ఎక్కువ ఖర్చవుతుంది.

హీటరు కడ్డీ: కడ్డీలో పుట్టిన వేడి నీళ్ళలోకి పోవాలి. చుట్టూ గార ఉంటే తొందరగా పోదు. కడ్డీ లోపలే వేడెక్కి కాలిపోతుంది. పైతొడుగు పగిలితే నీళ్ళలోకి కరెంటు వస్తుంది. ఇది ప్రాణం మీదికి వచ్చే సంగతి.

గీజరు: లోపల గార పేరుకొని అడుగున చేరుతుంది. నీళ్ళు పట్టే చోటు తగ్గుతుంది. ఆవిరి ఒత్తిడిని బయటికి వదిలే సేఫ్టీ వాల్వు గారతో బిగుసుకుపోతే చాలా ప్రమాదం. ఏడాదికి ఒకసారి మెకానిక్కు చేత లోపల కడిగించాలి. వాల్వు చూపించాలి. వేడి మరీ ఎక్కువ పెట్టకూడదు. వేడి పెరిగేకొద్దీ గార పెరుగుతుంది.

బట్టల మిషను: నీళ్ళు వచ్చే గొట్టం మొదట్లో చిన్న జల్లెడ ఉంటుంది. అది గారతో, ఇసుకతో పూడుకుపోతుంది. నీళ్ళు సన్నగా వస్తాయి. ముందు ప్లగ్గు తీయాలి. తరవాత కుళాయి కట్టేసి జల్లెడ తీసి కడగాలి.

కూలరు: నీళ్ళు ఆవిరైపోతాయి. సున్నం మిగిలిపోతుంది. గడ్డి గట్టిపడి గాలి చల్లగా రాదు. వారానికి ఒకసారి తొట్టి నీళ్ళు పూర్తిగా పారబోసి కడగండి. గార తగ్గుతుంది. దోమలు కూడా పెరగవు.

ఇన్వర్టరు బ్యాటరీ: ఇందులో కుళాయి నీళ్ళు ఎప్పుడూ పొయ్యకూడదు. బ్యాటరీ కోసం అమ్మే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పొయ్యాలి.

గార తీసే పద్ధతి

గారను పులుపు కరిగిస్తుంది. నిమ్మకాయ, వెనిగరు, కొట్లో దొరికే నిమ్మ ఉప్పు. వీటిలో ఏది ఉన్నా చాలు.

స్టీలు గిన్నెకు ఇలా చెయ్యండి. గార మునిగేంత నీళ్ళు పోయండి. లీటరు నీళ్ళకు రెండు చెంచాల నిమ్మ ఉప్పు వేయండి. లేదా మూడు నాలుగు నిమ్మకాయలు పిండండి. వేడి చేసి దించండి. గంటసేపు ఉంచండి. తరవాత కొబ్బరి పీచుతో తోమండి. మందంగా ఉంటే రెండోసారి చెయ్యండి. అల్యూమినియం గిన్నెలో పులుపు ఎక్కువసేపు ఉంచకూడదు. గిన్నె తినేస్తుంది.

హీటరు కడ్డీకి ముందు స్విచ్చి కట్టండి. తరవాత ప్లగ్గు పీకండి. కడ్డీ పూర్తిగా చల్లారనివ్వండి. గార ఉన్న చుట్టను మాత్రమే నిమ్మ నీళ్ళలో ముంచండి. పైన వైర్లు ఉన్న చోటుకు తడి తగలకూడదు. కత్తితో గోకకూడదు. తొడుగు చిల్లు పడుతుంది. బాగా కడిగి ఆరబెట్టిన తరవాతే మళ్ళీ వాడండి.

కడ్డీ నీళ్ళలో ఉండగా బకెట్టులో చెయ్యి పెట్టకండి. ప్లగ్గు పీకాకే నీళ్ళు ముట్టుకోవాలి. ఇనుప బకెట్టు, స్టీలు బకెట్టు వాడకండి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. తొడుగు పగిలిన కడ్డీని బాగు చెయ్యాలని చూడకండి. పారెయ్యండి.

బాత్రూము కడిగే యాసిడ్‌తో వంట గిన్నెలు, హీటర్లు కడగకండి. ఆ యాసిడ్‌ను బ్లీచింగ్ పౌడరుతో ఎప్పుడూ కలపకండి. కలిపితే విషవాయువు వస్తుంది. ఊపిరి ఆడదు. ప్రాణం పోవచ్చు.

బట్టలకు, పప్పుకు

బట్టలు నానబెట్టే ముందు బకెట్టు నీళ్ళలో ఒక చెంచా చాకలి సోడా కలపండి. కాసేపు ఆగండి. సోడా సున్నాన్ని పట్టుకొని అడుక్కి దించుతుంది. తరవాత సబ్బు పెడితే నురగ వస్తుంది. సబ్బు తక్కువ పడుతుంది. పట్టుబట్టలకు మాత్రం సోడా వాడవద్దు.

కందిపప్పు ఎంతసేపు ఉడికించినా పలుకుగా ఉంటోందా? పప్పు పాతదై ఉండవచ్చు. నీళ్ళలో సున్నం ఎక్కువైనా అలాగే జరుగుతుంది. సున్నం పప్పుగింజను గట్టిపరుస్తుంది. పప్పును ముందుగా నానబెట్టండి. ఏటి నీళ్ళో, వాన నీళ్ళో కాచి వడకట్టి పప్పుకు వాడండి. అవి దొరక్కపోతే చిటికెడు వంటసోడా వేయవచ్చు. ఎక్కువ వేస్తే పప్పులోని విటమిన్లు పోతాయి.

చాకలి సోడా వేరు, వంటసోడా వేరు. చాకలి సోడా కడుపులోకి పోకూడదు. రెండు డబ్బాల మీదా పేర్లు రాసి అంటించండి. ఇప్పుడు మీకు రాయడం వచ్చు కదా. ఆ చీటీ ఇంటిల్లిపాదికీ రక్ష.

వాన నీళ్ళు పట్టుకుంటే బట్టలకు, తలస్నానానికి చాలా బాగుంటాయి. మొదటి వానకు కప్పు మీది దుమ్ము పోనివ్వండి. తరవాత పట్టి మూత పెట్టండి.

ఏది దేనికి పనికివస్తుంది?

పటిక, చిల్లగింజ బురదను దించుతాయి. సున్నాన్ని తియ్యలేవు. క్లోరిన్ పురుగులను చంపుతుంది. సున్నాన్ని తియ్యలేదు. మరగబెడితే పురుగులు చస్తాయి. సున్నం కొంత తగ్గుతుంది. ఆర్వో మిషను కరిగిన ఉప్పులను తీస్తుంది. కానీ కొంత నీరు వృథాగా బయటికి వదులుతుంది. గొట్టానికి అయస్కాంతం బిగిస్తే సున్నం పోతుందని కొందరు అమ్మజూపుతారు. అయస్కాంతం పెట్టినా నీళ్ళలోని సున్నం నీళ్ళలోనే ఉంటుంది.

కాబట్టి ఎవరో చెప్పారని వేల రూపాయలు పెట్టి ఏదీ కొనకండి. ముందు నీళ్ళ పరీక్ష చేయించండి.

కాగితం మీద అంకె చదవండి

2019లో జల జీవన్ మిషన్ మొదలైంది. దీని కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్ళకు నీటి పరీక్ష నేర్పించాలన్నది ఒక ఏర్పాటు. పరీక్ష పెట్టెతో కఠినత్వం కూడా చూడవచ్చు. మీ ఊళ్ళో ఎవరు నేర్చుకున్నారో పంచాయతీలో అడగండి. ఎవరూ లేకపోతే మేము నేర్చుకుంటామని చెప్పండి. గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలల్లో కూడా పరీక్ష చేస్తారు.

పరీక్ష కాగితం మీద "మొత్తం కఠినత్వం" అన్న వరుస వెతకండి. పక్కన ఒక అంకె ఉంటుంది. అది లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో చెబుతుంది. మన దేశంలో తాగునీటి ప్రమాణం 2012లో ఇలా పెట్టారు. 200 వరకు ఉంటే మంచిది. వేరే నీరు దొరకనప్పుడు 600 వరకు ఒప్పుకోవచ్చు. 600 దాటితే ఆ నీరు ప్రమాణానికి లోబడి లేనట్టు. అప్పుడు వేరే నీరు కావాలని పంచాయతీని అడిగే హక్కు మీకుంది. కాగితం చేతిలో ఉంటే మాటకు బలం వస్తుంది.

కఠినత్వం ఒక్కటే చూసి ఊరుకోకండి. క్రిముల పరీక్ష, ఫ్లోరైడ్ పరీక్ష కూడా అడగండి. అవి మనిషి ఆరోగ్యానికి సంబంధించినవి.

గుర్తుంచుకోండి

1. గార అంటే నీళ్ళలో కరిగి, వేడికి బయటపడిన రాయి.
2. గారకు భయపడి తాగే నీళ్ళు కాయడం మానకండి.
3. ప్లగ్గు పీకిన తరవాతే హీటరు ముట్టుకోండి.
4. గారకు నిమ్మరసం చాలు. యాసిడ్ వద్దు.
5. పరీక్ష కాగితం మీరే చదవండి.

చేసి చూడండి

మీ ఇంటి నీళ్ళకు, పక్కింటి నీళ్ళకు సబ్బు పరీక్ష చేయండి. ఎవరి నీళ్ళు ఏటివి? ఎవరివి బోరువి? ఒక కాగితం మీద రాయండి. పదిమంది రాసిన కాగితాలు కలిపితే మీ వీధి నీళ్ళ సంగతి మీకే తెలుస్తుంది.